మన ప్రేక్షకుల జాబితా మన దగ్గరే ఉండాలంటే: ఒక మిద్దె తోట క్రియేటర్ అనుభవం

ఖమ్మంలో మా మేడ మీద 60 గ్రోబ్యాగుల్లో కూరగాయలు పెంచుతూ ఆరేళ్లుగా వీడియోలు చేస్తున్నాను. రెండేళ్ల క్రితం కార్తీకమాసంలో ఒక ఉదయం ఫోన్ తీస్తే నా పేజీ కనిపించలేదు. 38 వేల మంది ఫాలోవర్లున్న పేజీ. ఎవరో పాస్‌వర్డ్ కొట్టేసి పిచ్చి యాడ్స్ పెడితే, పేజీ ఉన్న యాప్ కంపెనీ వాళ్లు దాన్నే మూసేశారు. నాలుగుసార్లు అప్పీలు పెట్టినా మనిషన్నవాడు పలకలేదు. ఆ వారమే శీతాకాలపు కూరగాయల క్లాసు పెట్టుకున్నాను. రావాలనుకున్నవాళ్లు ఉన్నారు, కానీ వాళ్లకు కబురు పెట్టే దారి లేదు. ఒక్కరి నంబరు కూడా నా దగ్గర లేదు.

2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించినప్పుడు మన పల్లెల్లో ఎందరో ఇలాగే రాత్రికి రాత్రి తమ ప్రేక్షకులను పోగొట్టుకున్నారు. కంపెనీ మూసినా, సర్కారు మూసినా, తాళం మన దగ్గర లేకపోతే జరిగేది ఇదే.

ఇంటర్నెట్ కంపెనీల చేతిలో కాకుండా వాడేవాళ్ల చేతిలోనే ఉండాలనే ఆలోచనను 'యూజర్ల సొంత ఇంటర్నెట్' అంటారు. దాంట్లో నాకు అర్థమైంది మూడు సంగతులు: నా చిరునామా నాది, నన్ను వినాలనుకునేవాళ్ల జాబితా నాది, నేను చేసిన పని కాపీ నాది. కంపెనీ హైబ్రిడ్ విత్తనం ఏటా కొనాల్సిందే. నాటు విత్తనమైతే మనమే ఎత్తిపెట్టుకుంటాం. తేడా అంతే.

ముందు డొమైన్, అంటే ఇంటర్నెట్‌లో మీ సొంత చిరునామా, కొనండి. మామూలు .ఇన్ పేరు ఏడాదికి వెయ్యి రూపాయల లోపే వస్తుంది. కొనేటప్పుడు మీ పేరు, మీ ఈమెయిలే ఇవ్వండి. వెబ్‌సైట్ చేసిపెట్టే అబ్బాయి పేరున ఉంటే మళ్లీ తాళం ఇంకొకరి చేతిలో పెట్టినట్టే. తెలుగు అక్షరాల్లో .భారత్ పేర్లు కూడా దొరుకుతాయి. నాకు చాలా ముచ్చటేసింది, కానీ అలాంటి అడ్రసులతో ఈమెయిల్ ఇంకా అన్నిచోట్లా సరిగా నడవదు కాబట్టి ఆగాను. సైటు కట్టుకోవడానికి వర్డ్‌ప్రెస్ గానీ ఘోస్ట్ గానీ చాలు. రెండూ ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా తీసుకుని వాడుకోగల సాఫ్ట్‌వేర్లు. సైటును ఉంచే కంపెనీ (హోస్టింగ్) నచ్చకపోతే మొత్తం మూటగట్టుకుని ఇంకోచోటికి వెళ్లొచ్చు.

అసలు పని జాబితా దగ్గరే ఉంది. ఊరికే "సబ్‌స్క్రైబ్ చేయండి" అంటే ఎవరూ ఈమెయిల్ ఇవ్వరు. ఏ నెలలో ఏ విత్తు వేయాలో ఒక పేజీ క్యాలెండర్ తయారుచేసి, ఈమెయిల్ ఇచ్చినవాళ్లకు పంపాను. ఫారంలో మూడే అడిగాను: పేరు, ఈమెయిల్, ఏ జిల్లా. జిల్లా ఎందుకంటే ఆదిలాబాద్ చలికి, విశాఖ ఉక్కపోతకు ఒకే సలహా పనికిరాదు. ఎందుకు అడుగుతున్నానో, వద్దనుకుంటే ఎలా తప్పుకోవాలో ఫారం కిందే రాశాను. 2023 నాటి డేటా రక్షణ చట్టం కోరేదీ ఈ సమ్మతినే. చట్టం లేకపోయినా మన మీద నమ్మకంతో ఇచ్చిన అడ్రసు అది.

జాబితాలోని వాళ్లకు ఈమెయిల్ ఉత్తరాలు పంపడానికి నేను లిస్ట్‌మంక్ వాడుతున్నాను. షేర్ల వ్యాపార కంపెనీ జెరోధాలో పనిచేసే కైలాష్ నాధ్ తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. పెట్టడానికి మాత్రం సర్వర్ పని తెలిసినవాళ్ల సాయం కావాలి, నాకు మా చిన్నబ్బాయి చేసిపెట్టాడు. మెయిల్స్ బయటికి పంపే అమెజాన్ సేవ ఎస్‌ఈఎస్ ద్వారా వెయ్యి మెయిల్స్‌కు 10 సెంట్లు పడుతుంది. డొమైన్ సెట్టింగ్స్‌లో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు రికార్డులు తప్పకుండా పెట్టించండి. మెయిల్ నిజంగా మన దగ్గరి నుంచే వచ్చిందని చూపించేవి అవి. అవి లేకుండా పంపిన నా మొదటి ఉత్తరం చాలామందికి స్పామ్‌లో పడింది.

ఇక మార్కెటింగ్ ఎలా మారిందో చెప్తాను. ఇంతకుముందు రోజుకో రీల్, ట్రెండింగ్ పాట, వ్యూస్ పడిపోతే టెన్షన్. ఇప్పుడు రెండు వారాలకో ఉత్తరం. సబ్జెక్టులో "ఈ వారం టమాటా నారు పోయండి" అని సూటిగా రాస్తాను. కోదాడ నుంచి ఒకావిడ "అమ్మా, మా వంగకు కాయతొలుచు పురుగు పట్టింది, ఏం చేయమంటారు?" అని జవాబు రాశారు. తర్వాతి వీడియో దాని మీదే చేశాను. పోయిన క్లాసులో 40 సీట్లకు 31 ఉత్తరం చదివినవాళ్లే తీసుకున్నారు. జాబితాలో ఉన్నది 1,100 మందే!

ఎంతమంది మెయిల్ తెరిచారన్న లెక్కను నమ్మకండి. మెయిల్‌లో దాచిన చిన్న బొమ్మ లోడ్ అయితే తెరిచినట్టు లెక్కిస్తారు. 2021 నుంచి ఆపిల్ మెయిల్ యాప్ ఆ బొమ్మలను తనే ముందుగా లోడ్ చేస్తోంది, చదవకపోయినా తెరిచినట్టు పడుతుంది. స్పాన్సర్లకు నేను చూపించేది జవాబులు, లింకు నొక్కినవాళ్లు, నా కూపన్ కోడ్‌తో వర్మీకంపోస్ట్ కొన్నవాళ్లు.

మాస్టోడాన్, బ్లూస్కై లాంటి సోషల్ నెట్‌వర్క్‌లలోనూ ఖాతా తెరవండి. బ్లూస్కైలో మీ డొమైన్‌నే యూజర్‌నేమ్‌గా పెట్టుకోవచ్చు. సెట్టింగ్స్‌లో హ్యాండిల్ (యూజర్‌నేమ్) మార్చే చోట అది ఇచ్చే టీఎక్స్‌టీ రికార్డును, అంటే ఒక చిన్న అక్షరాల వరుసను, మీ డొమైన్ సెట్టింగ్స్‌లో చేరిస్తే అయిపోతుంది. మాస్టోడాన్ వేర్వేరు వాళ్లు నడిపే చాలా సర్వర్ల మీద ఉంటుంది. ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి మారితే ఫాలోవర్లు వెంట వస్తారు, పాత పోస్టులు రావు. మన తెలుగువాళ్లు అక్కడ ఇంకా తక్కువే, అందుకే నేను వారానికి పది నిమిషాలు మించి పెట్టను.

అభిమానులకు టోకెన్లు, అంటే క్రిప్టో నాణేల్లాంటివి, అమ్మమని కూడా కొందరు సలహా ఇస్తారు. నేను ఆ జోలికి వెళ్లలేదు. 2022 ఏప్రిల్ నుంచి మన దేశంలో క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉంది. పైగా నా ప్రేక్షకులు గృహిణులు, రిటైరైన టీచర్లు. వాళ్లకు యూపీఐ వచ్చు, అది చాలు.

యూట్యూబ్ మానేయమని మాత్రం చెప్పను. కొత్తవాళ్లు నన్ను కనుక్కునేది అక్కడే. ప్రతి వీడియో వివరణలో మొదటి లైను నా సైటు అడ్రసే ఉంటుంది, వీడియో మధ్యలో నోటితో కూడా చెప్తాను.

నెలలో మొదటి ఆదివారం ఒక గంట దీనికే. జాబితాను సీఎస్‌వీ (ఎక్సెల్‌లో తెరుచుకునే మామూలు పట్టిక) ఫైలుగా దించుకుని పాస్‌వర్డ్ ఉన్న జిప్‌లో పెడతాను, మన డేటా మనకు తిరిగిచ్చే గూగుల్ టేకౌట్‌తో వీడియోలు దించుకుంటాను. రెండు హార్డ్‌డిస్కుల్లో కాపీలు. ఒకటి మా బీరువాలో ఉంటుంది, రెండోది వరంగల్‌లో మా అక్క వాళ్లింట్లో.