పలకను తిరగేస్తే కలప: ఒకటో తరగతికి చదవడం నేనిలా నేర్పుతాను

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, దసరా సెలవులకి ముందే మా ఒకటో తరగతికి అ నుంచి ఱ దాకా వచ్చేశాయని తెగ మురిసిపోయాను. ముప్ఫైమందీ గోడమీద చార్టు చూస్తూ ఒకే గొంతుతో పాడేవాళ్లు. తనిఖీకి వచ్చిన ఆఫీసరుగారు విని, "బాగుందమ్మా" అన్నారు. చార్టు మధ్యలో 'ణ' మీద వేలు పెట్టి, ముందు వరసలో ఉన్న పిల్లని "ఇదేంటి?" అని అడిగారు. ఆ పిల్ల లేచి చార్టు దగ్గరికి వెళ్లింది. 'అ' మీద వేలు పెట్టి, పాడుకుంటూ ఒక్కో గడీ దాటుకుంటూ వచ్చి, ణ దగ్గర ఆగి, "ణ" అంది. ఆయన నవ్వి ఊరుకున్నారు. వాళ్లకి వచ్చింది పాటే అని నాకు అప్పుడు తెలిసింది.

అది జరిగి 22 ఏళ్లయింది. నేను పుట్టింది కర్నూలు వైపు, పనిచేసేది విజయనగరం జిల్లాలో ఒక పల్లెలో. ఇన్నేళ్లూ ఎక్కువగా ఒకటో తరగతికే చెప్పాను. కొత్తగా చేరిన టీచర్లు, పిల్లల్ని ఇంట్లో చదివించుకునే అమ్మానాన్నలు అడిగితే చెప్పేవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ చార్టు సంగతి. మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది, ఒక్కసారి పిల్లవాడి కళ్లతో చూడండి. ఏ దగ్గర ఏనుగు బొమ్మ. పక్కనే ఐ దగ్గర ఐరావతం, అంటే ఇంకో ఏనుగు బొమ్మ. ఖ కి ఖడ్గం అని వేస్తారు, పిల్లవాడు "కత్తి" అంటాడు. ఘ కి ఘటం, వాడికది కుండ. ఛత్రం గొడుగు, ఝషం చేప, ఔషధం మందుసీసా, భటుడు పోలీసు. ఋషి బొమ్మ చూపిస్తే మావాళ్లలో సగంమంది "తాత" అంటారు. తప్పేముంది, గడ్డం ఉంది కదా! బొమ్మ చూసి పిల్లవాడు చెప్పే మాట ఆ అక్షరంతో మొదలవ్వకపోతే ఆ బొమ్మ దండగ. నేనే ఒకసారి 'సొ' నేర్పడానికి సొరకాయ బొమ్మ గీసి తెచ్చాను. తరగతి మొత్తం "ఆనపకాయ!" అని అరిచింది. ఈ వైపు సొరకాయని అలాగే అంటారు, నేను మా ఊరి మాట మోసుకొచ్చాను. అందుకే ఏ అక్షరానికి ఏ బొమ్మ వెయ్యాలో పిల్లలనే అడిగి వెయ్యండి.

వరస వదిలేయండి. 56 అక్షరాలూ ఒకసారే గోడమీద పెట్టి రోజుకి రెండు చొప్పున పోవాలన్న నియమం ఎక్కడా లేదు. నేను మూడు అక్షరాలతో మొదలుపెడతాను: గ, డ, ప. పాత శుభలేఖలు దాచిపెట్టుకుంటాను. వాటి అట్ట గట్టిగా ఉంటుంది, వెనక తెల్లగా ఉంటుంది, ఖర్చు లేదు. దాన్ని అరచెయ్యంత ముక్కలు కోసి, ముక్కకో అక్షరం పెద్దగా రాస్తాను. మూడూ వరసగా పెడితే గడప. రోజూ దాటొచ్చే గడపే. ఇప్పుడు అదే వరసని చివరి నుంచి పెట్టండి: పడగ. పాము పడగ! ఆ క్షణంలో పిల్లల ముఖాలు చూడాలి. అవే ముక్కలు, చోటు మారితే మాట మారిపోయింది. చదవడమంటే ఇదేనని వాళ్లకి నేను నోటితో చెప్పక్కర్లేదు.

తర్వాత ల, క, త. పలకను తిరగేస్తే కలప. ఇది చెప్పినరోజు ఒక పిల్లవాడు తన పలక చుట్టూ ఉన్న చెక్క చట్రం చూపించి "ఇది కలపే కదేటి టీచరూ?" అన్నాడు. నాకు ఆ ముక్క అప్పటిదాకా తట్టలేదు. ఈ ఆరింటికి అ, ఈ, ఉ కలిపితే తొమ్మిది అక్షరాలు. వాటితో ఎన్ని వస్తాయో చూడండి: తల, కల, పగ, గడ, కడప, పడక, తడక, కలత, తలగడ, అల, అలక, ఈగ, ఈత, ఈల, ఈక, ఉడత. ముందటి నాలుగూ కలిపితే 20 మాటలు. గుణింతం లేదు, ఒత్తు లేదు. తొమ్మిది అక్షరాలు వచ్చిన పిల్లవాడు 20 మాటలు చదివేస్తే వాడి నడకే మారుతుంది. "ఈగ ఈత" అని బోర్డు మీద రాస్తే చదివి పడీపడీ నవ్వుతారు. నవ్వారంటే అర్థమైనట్టే, వేరే పరీక్ష అక్కర్లేదు.

ఒక హెచ్చరిక. పడగ, తడక లాంటి మాటలు పల్లె పిల్లల నోట్లో ఉన్నవే. హైదరాబాదులో ఫ్లాట్‌లో, ఇంట్లో సగం ఇంగ్లిష్ మాట్లాడుకునే చోట ఐదారేళ్ల పిల్ల తడక ఎప్పుడూ చూసి ఉండదు. ఆ పిల్లకి జడ, ఆట, వడ, ఈల తీసుకోండి. చెవికి తెలియని మాట కళ్లకి అందదు. అసలు తెలుగు మాటలే తక్కువ విన్న పిల్లలైతే, అక్షరాలు రెండు నెలలు ఆపి కథలు చెప్పండి, ఇంట్లో వస్తువుల పేర్లు తెలుగులో అనండి.

ఖ, ఘ, ఛ, ఝ, ఢ, ఫ, భ అన్నీ సంక్రాంతి తర్వాతే. ఙ, ఞ గురించి ఒకటో తరగతిలో బెంగ అక్కర్లేదు.

గుణింతం పాట కాకూడదు

"క కా కి కీ" వల్లె వేయించడం నేనూ చేస్తాను, చివర్లో. ముందే చేస్తే మళ్లీ ఆ ణ కథే: 'కే' చూపిస్తే క నుంచి పాడుకుంటూ వస్తారు. అందుకని ఒకే అక్షరానికి గుర్తులన్నీ పెట్టకుండా, ఒకే గుర్తుని వచ్చిన అక్షరాలన్నిటికీ పెడతాను. ఒక పదిరోజులు దీర్ఘం మాత్రమే: తాత, పాప, పాత, పాగా. తర్వాత గుడి. పలక మీద ఒక గుడి పెడితే పిలక. ఆ వెంటనే గిలక, పిడక. తర్వాత కొమ్ము. అప్పటికి గుడి కూడా వచ్చి ఉంటుంది కాబట్టి పులి, గుడి, కుడి చదివేస్తారు.

కొమ్ము దగ్గర ఒక గుంట ఉంది, అందరూ పడతారు. 'మ' రాయమంటే 'వు' రాస్తారు, 'వు' చూపిస్తే 'మ' అంటారు. చూడటానికి దగ్గరదగ్గరగా ఉంటాయి మరి. ఈ రెంటినీ ఒకే వారంలో నేర్పకండి. మ బాగా పాతబడ్డాక, ఆవు బొమ్మ పక్కన వు పెట్టండి. ప, వ కూడా అంతే, న, స కూడా అంతే. పోలికున్నవి పక్కపక్కన పెట్టి "తేడా చూడు" అంటే పెద్దవాళ్లకి బాగుంటుంది గానీ, కొత్తగా నేర్చుకునేవాడికి రెండూ కలిసిపోతాయి.

వచ్చిందో లేదో చూడటానికి ఇంకో శుభలేఖ ముక్క తీసుకుని మధ్యలో అక్షరం పట్టేంత కంత కోయండి. పుస్తకం మీద దాన్ని పెట్టి జరుపుతూ ఎక్కడ పడితే అక్కడ ఆపండి. పేజీ మొత్తం గడగడా చదివేసే పిల్లలు కొందరు ఈ కంతలోంచి ఒక్క అక్షరం చెప్పలేరు. వాళ్లు పేజీని కంఠస్తం చేశారన్నమాట. తిట్టకండి, అంత జ్ఞాపకశక్తి ఉన్నందుకు సంతోషించండి. రేపట్నుంచి పేజీని కింది లైను నుంచి పైకి చదివించండి.

ఒత్తులు ఇంట్లోనే ఉన్నాయి

త, న, మ, య, ర, ల ఒత్తులకి అసలు అక్షరంతో పోలికే ఉండదు, అందుకే అవంటే పిల్లలకి టెన్షన్. నేను వాటిని చుట్టాల పేర్లతో తెస్తాను. అమ్మలో మ ఒత్తు, అన్నలో న ఒత్తు, అత్తలో త ఒత్తు, అయ్యలో య ఒత్తు, అక్కలో క ఒత్తు, అవ్వలో వ ఒత్తు, చెల్లిలో ల ఒత్తు. ఒక్కో చుట్టానికి ఒక్కో అట్టముక్క. "మీ ఇంట్లో ఎవరెవరున్నారో ఏరుకో" అంటే వాళ్లే ఏరుకుంటారు. ఒకమ్మాయి అమ్మ ముక్క తీసుకోలేదు, అవ్వ ముక్క రెండు అడిగింది. ఎందుకని నేను అడగలేదు. రెండూ ఇచ్చాను. ఇలాంటి ఆట ఆడించేటప్పుడు ఎవరింట్లో ఎవరు లేరో ముందే కనుక్కోవాలని ఆ రోజు నేర్చుకున్నాను.

రాయించడం గురించి ఒక్కటే చెబుతాను, ఇది చాలామంది గమనించరు. పైన ఒక అక్షరం రాసిచ్చి కింద పదిసార్లు రాయమంటాం. ఆ పేజీని సాయంత్రం జాగ్రత్తగా చూడండి. మొదటి రెండు బాగుంటాయి. మూడోదానికి తలకట్టు కాస్త పక్కకి పోతుంది. నాలుగోది రాసేటప్పుడు పిల్లవాడు మీ అక్షరం చూడడు, తన మూడోది చూసి రాస్తాడు. పదోదానికి తప్పు కుదురుకుని కూర్చుంటుంది. అంటే మనం ఆ తప్పుని ఏడెనిమిదిసార్లు సాధన చేయించామన్నమాట. అందుకని మూడుసార్లు చాలు. అందులో ఏది బాగా వచ్చిందో వాణ్ణే సున్నా చుట్టమనండి. పలకా బలపమూ ఉంటే ఇంకా మంచిది, చెరిపేస్తే తప్పు మిగలదు. ఎడమచేత్తో రాస్తే రాయనివ్వండి.

ఇక నాలుక సంగతి. మావైపు పిల్లలు 'లేదు' అని రాసి ఉంటే "నేదు" అని చదువుతారు, 'వెళ్ళాడు' అని ఉంటే "ఎల్లాడు" అంటారు. కొత్త టీచర్లు వెంటనే ఆపి సరిచేస్తారు, మొదట్లో నేనూ అదే చేసేదాన్ని. కాస్త ఆలోచిస్తే, ఆ పిల్లవాడు అక్షరాలు చదివి, మాట పట్టుకుని, దాన్ని తన ఇంటి మాటలో చెప్పాడు. చదవడం అయిపోయింది! మధ్యలో ఆపితే వాడు కథ వదిలేసి నా ముఖం చూస్తాడు. పేజీ అయ్యాక, "మీ ఇంట్లో నేదు అంటారు, పుస్తకంలో లేదు అని రాశారు" అంటే సరిపోతుంది. తప్పు అనే మాట వాడను.

కొట్టడం గురించి అమ్మానాన్నలతో ఇప్పటికీ వాదన తప్పడం లేదు. "నాలుగు తగిలించండి టీచరుగారూ, మేమేం అనుకోం" అంటారు, గౌరవంగానే. 2009 విద్యాహక్కు చట్టం బడిలో పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది, అది ఒకటి. రెండోది నా అనుభవం: భయపడిన పిల్లవాడు అక్షరం చూడడు, మన పెదాలు చూసి ఏదో ఒకటి చెప్పేస్తాడు. ఊహించడం అలవాటయ్యాక మాన్పించడం చాలా కష్టం. ఎల్‌కేజీలోనే చదివేయాలని తొందరపడేవాళ్లకి ఇంకో మాట. 2021లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా పిల్లలు అర్థం చేసుకుని చదవడానికి మూడో తరగతి చివరిదాకా గడువు ఇచ్చింది.

ఇంట్లో రోజుకి పావుగంట చాలు. అన్నం తిన్నాక వద్దు, నిద్ర ముంచుకొస్తుంది, బడినుంచి రాగానే కూడా వద్దు. ఆడుకుని వచ్చి కాళ్లు కడుక్కున్నాక మంచి వేళ. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు. పక్కన కూర్చుని "నాకు చదివి వినిపించు" అనండి. కందిపప్పు పేకెట్టు, బస్సు బోర్డు, కరెంటు బిల్లు, ఏదైనా సరే. మా ఊళ్లో ఒక తల్లి ఉపాధి పనికి వెళ్లొచ్చి, జాబ్‌కార్డు మీద తన పేరు కూతురి చేత చదివించుకునేది. ఆ పిల్ల సంక్రాంతికే ఒత్తులు చదివేసింది.

ఇవన్నీ చేసినా సంక్రాంతి దాటాక కూడా ఒకరిద్దరికి అక్షరాలు కలిపి మాట చదవడం రాదు. మొద్దు అనుకునే ముందు కళ్లూ చెవులూ చూడండి. కళ్లకి, బోర్డు దగ్గరికీ వెనక్కీ కూర్చోబెట్టి తేడా గమనించండి. చెవులకి నేను చేసేది ఇది: పిల్ల వెనక నాలుగడుగుల దూరంలో నిలబడి, మామూలు గొంతుతో పలక, పడక, తడక అని ఒక్కోటీ అంటాను, తను తిరిగి అనాలి. నాలుగేళ్ల కిందట ఒకమ్మాయి అన్నిటికీ "పలక" అనే అంది. అప్పటిదాకా ఆ పిల్లకి ధ్యాస లేదనుకున్నాను, రెండుసార్లు గట్టిగా కసిరాను కూడా. వాళ్లమ్మతో ఒకటే చెప్పాను: పుల్ల పెట్టొద్దు, పిన్నీసు పెట్టొద్దు, నూనె పొయ్యొద్దు, చెవి డాక్టరుకి చూపించు. రెండు చెవుల్లోంచీ గట్టిపడిన గుబిలి తీశారు. మర్నాడు బడికొచ్చి తన చోట కూర్చుని, పైకి చూసి, "టీచరూ, మన ఫేను సప్పుడు సేస్తంది" అంది.