శిలాజాలున్న సున్నపురాయిని గుర్తించే పద్ధతి

గోదావరికి పడమట పంగిడి, గౌరీపట్నం ప్రాంతపు క్వారీల్లో నల్లని బసాల్టు (లావా గడ్డకట్టి ఏర్పడిన రాయి) పొరల నడుమ కనిపించే లేతరంగు సున్నపురాయి, సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి తీరజలాల్లో బతికిన జీవుల గుల్లలను నేటికీ పదిలంగా దాచుకుంది. అనుమతి తీసుకొని వెళ్లి, ముందుగా రాయిని చాకుతో గీయండి. సులువుగా గీత పడాలి. తరువాత గీయని చోట సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లపు చుక్క వేయండి. వెంటనే బుసబుసమని నురగ వస్తే సున్నపురాయే; పొడి చేస్తే తప్ప నురగ రాకపోతే అది సున్నపురాయిని పోలిన, మెగ్నీషియం కలిసిన డోలమైటు అనే రాయి కావచ్చు.

తాజాగా విరిగిన ముఖాన్ని నీటితో తడిపి భూతద్దంతో చూస్తే, పొడిగా ఉన్నప్పుడు కంటికి ఆనని గుల్లల అడ్డుకోతలు సన్నని వంపుగీతలుగా, సుడులుగా తేలివస్తాయి. ఓపికగా చూడవలసిన ఘట్టం ఇదే. పగుళ్ల వెంట ఆకుల్లా అల్లుకున్న నల్లని గీతలు మాత్రం తరచుగా మాంగనీసు మరకలే, మొక్కలు కావు. రాయిని కదిలించే ముందే అది ఏ పొరలో ఉందో స్కేలు పెట్టి ఫొటో తీసి రాసుకోవాలి.