పిన్నీసుల మోటారు క్లాసులో తిరగాలంటే తీగ ఎలా గీకాలి?

విద్యుత్తు, అయస్కాంతత్వం పాఠం రాగానే ఎక్కువమంది చేసి చూపించే ప్రయోగం ఇదే: ఒక సెల్లు, రెండు పిన్నీసులు, ఒక అయస్కాంతం, చుట్ట చుట్టిన రాగి తీగ. జరిగేది కూడా దాదాపు అన్నిచోట్లా ఒకటే. టీచర్ వేలితో ఒకసారి తిప్పుతారు, చుట్ట అటూ ఇటూ ఊగి ఆగిపోతుంది, మళ్లీ తిప్పుతారు, మళ్లీ ఆగుతుంది, చివరికి "సెల్లు అయిపోయినట్టుంది" అని పక్కన పెట్టేస్తారు. సెల్లు నిక్షేపంలా ఉంటుంది. తప్పంతా తీగ కొసను గీకిన తీరులో ఉంటుంది. అందుకే మిగతా పనులు గబగబా చెప్పేసి ఆ ఒక్కదాని దగ్గర ఆగుతాను.

సామాన్లు: టార్చిలో వేసే లావుపాటి 1.5 వోల్టుల సెల్లు (డి సైజు), రంగు పూత లేని పెద్ద పిన్నీసులు రెండు, గుండ్రటి అయస్కాంతం, 24 లేదా 26 గేజ్ ఎనామెల్ రాగి తీగ (కరెంటును పారనివ్వని పల్చటి పూత ఉన్నది) మీటరున్నర, వెడల్పాటి రబ్బరు బ్యాండు, బ్లేడు. వోల్టులు ఎక్కువ కదా అని 9 వోల్టుల చదరపు బ్యాటరీ తేకండి. దాని లోపలి నిరోధం ఎక్కువ, మనకు కావలసింది కరెంటు. లిథియం బ్యాటరీ జోలికి అసలే పోవద్దు, ఎందుకంటే ఈ తీగ చుట్ట నిరోధం ఓములో పదోవంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, అంటే మీరు పెడుతున్నది దాదాపు షార్ట్ సర్క్యూటే.

తీగను సెల్లు మీదే పది చుట్లు చుట్టి బయటికి తీయండి. రెండు కొసలూ నాలుగైదు సెంటీమీటర్ల చొప్పున వదిలి, ఎదురెదురుగా ఒక్కో కొసను చుట్టకు రెండు మెలికలు తిప్పి బిగించండి. కొసలు రెండూ ఒకే సరళరేఖలో ఉండాలి, ఇందులో బేరం లేదు. రబ్బరు బ్యాండుతో పిన్నీసులను సెల్లు రెండు చివరలకూ నిలువుగా కట్టండి, తల కిందికి, గుండ్రటి కన్ను పైకి. చుట్టను ఆ కన్నుల్లో పెట్టి, అయస్కాంతం లేకుండానే వేలితో మెల్లగా తిప్పి చూడండి. ప్రతిసారీ ఒకే వైపు కిందికి వచ్చి ఆగుతుంటే ఆ వైపు బరువు ఎక్కువైనట్టు, కొసలను కాస్త సర్దాలి.

ఇక గీకడం. ఒక కొసను చుట్టూ పూర్తిగా గీకేయండి, అది ఎవరైనా చేస్తారు. రెండో కొసను మాత్రం సగమే గీకాలి. పొడవులో సగం కాదు, చుట్టుకొలతలో సగం. అంటే తీగ కొస పొడవునా ఒక వైపు రాగి మెరుస్తూ, రెండో వైపు ఎనామెల్ చెక్కుచెదరకుండా ఉండాలి.

ఏ సగం అన్నదే అసలు చిక్కు, పాడయ్యేదీ ఇక్కడే. చుట్టను బల్ల మీద పడుకోబెట్టి పైవైపు గీకేస్తారు, చేతికి అదే వాటం కాబట్టి. అలా గీకితే మోటారు తిరగదు. అయస్కాంతం చుట్ట కింద ఉన్నప్పుడు, చుట్ట నిలువుగా ఉన్న స్థితిలోనే దాన్ని తిప్పే బలం అన్నిటికంటే ఎక్కువ, అడ్డంగా పడుకున్న స్థితిలో సున్నా. ఆ సున్నా దాటగానే బలం దిశ తిరగబడుతుంది. కాబట్టి చుట్ట నిలువుగా ఉన్నప్పుడు, దానికి అటు పావు చుట్టు, ఇటు పావు చుట్టు మేర మాత్రమే కరెంటు పారాలి, మిగతా సగం చుట్టు జడత్వంతో దానంతటదే దొర్లుకుంటూ పోవాలి. పడుకోబెట్టి గీకితే కరెంటు ఆ సున్నాకు రెండు పక్కలా పారుతుంది, ముందుకు తోసింది, వెనక్కి లాగింది చెల్లుకు చెల్లు.

అందుకని ఇలా చేయండి. కొస బల్ల అంచు మీద ఆనాలి, చుట్ట అంచు బయట నిలువుగా వేలాడాలి. చూపుడు వేలితో కొసను బల్లకు అదిమిపట్టి, బ్లేడును తీగ పొడవునా చుట్ట వైపు నుంచి బయటికి లాగండి, పైన కనిపించే వైపు మాత్రమే. తీగ వేలి కింద దొర్లిందా, మీ పని అయిపోయినట్టే. దొర్లితే ఆపి, చుట్ట నిలువుగా ఉందో లేదో చూసుకుని మళ్లీ మొదలుపెట్టండి. గట్టిగా నొక్కకూడదు, తీగలో గాటు పడితే తిరిగేటప్పుడు అక్కడే తట్టుకుంటుంది. సగానికి కాస్త తక్కువ గీకినా పర్వాలేదు, ఎక్కువైతే మాత్రం కొత్త తీగ తీసుకోవాల్సిందే.

ఎనామెల్ కూడా రాగి రంగులోనే ఉంటుంది కాబట్టి కళ్లు మోసపోతాయి. వెలుతురులో పట్టి చూడండి. ఎనామెల్ ముదురు ఎరుపు, గీకిన రాగి లేత గులాబీ మెరుపు. ఆ తేడా కొస పొడవునా ఒక గీతలా కనిపించాలి.

గరుకు కాగితంతో రుద్దొచ్చు కదా అంటారు. రుద్దొచ్చు, కానీ అది వేళ్ల మధ్య తీగ చుట్టూ వంగి, అక్కర్లేని వైపు కూడా తినేస్తుంది. అగ్గిపుల్లతో కాల్చేవాళ్లున్నారు, అది మసి చేసి, పైగా సగం అన్న మాటే లేకుండా చేస్తుంది. ఇంకొందరు మొత్తం గీకేసి, సగానికి మార్కర్ రంగు పూస్తారు. బాగానే తిరుగుతుంది, రంగు అరిగేదాకా. పిల్లల ముందు సరిగ్గా అప్పుడే అరుగుతుంది.

మేకు, సెల్లు, నియోడిమియం అయస్కాంతంతో ఇంతకంటే సులువైన మోటారు ఉంది కదా అన్న ప్రశ్న కూడా వస్తుంది. ఉంది, పెట్టగానే గిర్రున తిరుగుతుంది. అది 1821లో ఫారడే పాదరసంలో తీగను తిప్పిన కోవకు చెందింది, దానికి కమ్యుటేటర్, అంటే తిరిగే చుట్టలో కరెంటు దిశ మార్చే భాగం, అక్కర్లేదు. కానీ పాఠంలో ఉన్న డీసీ మోటారుకు ప్రాణం కమ్యుటేటరే. అసలు మోటారులో రెండు అర్ధ వలయాలు ప్రతి సగం చుట్టుకూ కరెంటు దిశ మారుస్తాయి, మన సగం గీకిన కొస దిశ మార్చదు, ఆ సగం చుట్టు కరెంటు ఆపేస్తుంది. ఉయ్యాలను ఒక వైపు నుంచే తోస్తున్నట్టు. ఈ తేడా పిల్లల చేత చెప్పించకుండా ఉత్తినే తిప్పి చూపిస్తే అది బొమ్మ, ప్రయోగం కాదు.

ఇప్పుడు అయస్కాంతాన్ని సెల్లు మీద, చుట్టకు సరిగ్గా కింద పెట్టండి. సెల్లుకు ఇనుప రేకు ఉంటే అదే అతుక్కుంటుంది, లేకపోతే టేపు. చుట్టకూ దానికీ మధ్య అర సెంటీమీటరు ఖాళీ చాలు. వేలితో చిన్న తోపు ఇవ్వండి. వెనక్కి ఊగితే రెండో వైపుకు తోయండి, ఈ మోటారుకు తనకు నచ్చిన దిశ ఒకటి ఉంటుంది. ఏ వైపు తోసినా అడ్డంగా పడుకుని ఆగిపోతోందంటే సగం కంటే ఎక్కువైనా గీకారు, తప్పు సగమైనా గీకారు. అసలు ఉలుకూ పలుకూ లేకపోతే కరెంటే అందడం లేదు, పూర్తిగా గీకిన కొసనూ పిన్నీసు తలలనూ చూడండి.

తిరగడం మొదలయ్యాక అయస్కాంతం తిరగేస్తే ఏమవుతుంది, సెల్లు తిరగేస్తే ఏమవుతుంది, రెండూ ఒకేసారి తిరగేస్తే ఏమవుతుంది అని ముందు అడిగి, జవాబులు బోర్డు మీద రాయించి, ఆ తర్వాతే చేసి చూపించండి. మూడో దానికి దిశ మారదు, అక్కడే క్లాసు రెండుగా చీలుతుంది. ఆ వాదన నడుస్తున్నప్పుడు చుట్టను పిన్నీసుల మీద వదిలేయకండి, గీకిన వైపు ఆనుకుని ఆగిపోతే సెల్లూ తీగా వేడెక్కిపోతాయి. తీసి బల్ల మీద పెట్టండి. చాలాసేపు తిరిగాక కొసల మీద నిప్పురవ్వల నల్ల మచ్చలు పడతాయి, మళ్లీ బ్లేడుతో ఒక్కసారి లాగితే చాలు, అదే వైపు.