ఐర్లాండ్ కౌంటీ కౌన్సిల్ ఫలితాలు ఎలా చదవాలి?

ఇక్కడ లోకల్ ఎన్నికల్లో ఓటేయడానికి ఐరిష్ పౌరసత్వం అక్కర్లేదు. ఐర్లాండ్‌లో ఉంటూ ఓటర్ల జాబితాలో పేరుంటే చాలు. అందుకే కౌంటింగ్ మొదలైతే మనవాళ్ళ నుంచి ఫోన్లు: "అన్నా, మొదటి కౌంట్‌లో అయిదో స్థానంలో ఉన్నాయన ఎలా ఓడాడు?"

ఇక్కడ ఒక్కో ఏరియాకు చాలా సీట్లుంటాయి; ఓటరు బ్యాలెట్ మీద అభ్యర్థుల పేర్ల పక్కన తన ఇష్టం ప్రకారం 1, 2, 3 అని నంబర్లు వేస్తారు. ముందు కోటా, అంటే సీటు గెలవడానికి కావాల్సిన ఓట్లు, చూడండి. చెల్లిన ఓట్లను, సీట్ల సంఖ్యకు ఒకటి కలిపి, దాంతో భాగించండి. భిన్నం వస్తే వదిలేయండి; వచ్చినదానికి ఒకటి కలపండి. 7 సీట్లు, 8,000 ఓట్లయితే కోటా 1,001.

మొదటి కౌంట్‌లో ఉండేవి ఒకటో నంబరు ఓట్లే. అక్కడే ఆగిపోతే ఏమీ అర్థం కాదు. అసలు కథంతా తర్వాతి కౌంట్లలో పేర్ల పక్కనున్న ప్లస్, మైనస్ అంకెల్లో ఉంటుంది. కోటా దాటినాయన పేరు పక్కన మైనస్ 200 ఉంటే, ఆ మిగులు ఓట్లు బ్యాలెట్ మీద తర్వాతి నంబరు ఎవరికుంటే వాళ్ళకు పోయాయన్నమాట. పంచాల్సిన మిగులు లేకపోతే అట్టడుగునున్న అభ్యర్థిని తప్పించి, ఆయన ఓట్లన్నీ పంచుతారు. ఒకే పార్టీ వాళ్ళ మధ్య ఎన్ని ఓట్లు మారాయో గమనించండి; అయిదో స్థానం ఎందుకు జారిందో అక్కడే దొరుకుతుంది.

నేనైతే ముందు "నాన్ ట్రాన్స్‌ఫరబుల్" వరుసకే వెళ్తాను. తర్వాతి నంబరు వేయని ఓట్లన్నీ అందులో పేరుకుంటాయి. అది పెరిగేకొద్దీ చివరి సీటు కోటా అందకుండానే ఎవరికో దక్కుతుంది. అదేం మోసం కాదు, నిబంధనే.

సాధనకు 2024 జూన్ 7 నాటి ఎన్నికలు తీసుకోండి: 31 కౌన్సిళ్ళు, 949 సీట్లు. మీ ఏరియాతోనే మొదలుపెట్టండి.