డిస్ట్రిబ్యూటర్ గేర్ ఊరికే అరిగిపోతోందా? ముందు ఇవి చూడండి

టైమింగ్ లైట్ (స్పార్క్ ఎప్పుడు పడుతోందో చూపే మెరుపు దీపం) వేస్తే ఇంజిన్ ముందు చక్రం మీది గుర్తు ఒకచోట నిలవదు. స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ని పైకి లాగితే గేర్ పళ్లు కత్తి అంచులా పలచబడి ఉంటాయి, నూనెలో సన్నటి లోహపు రజను కనిపిస్తుంది. పాత షెవ్రొలే స్మాల్ బ్లాక్ వీ8లో ఇది తరచూ వచ్చేదే. గుర్తు మాత్రమే ఊగుతూ పళ్లు బాగుంటే టైమింగ్ చైన్ వదులైందేమో చూడండి, అది వేరే పని.

కొత్త గేర్ కొనేముందు అది ఏ లోహమో దయచేసి చూడండి. పోత ఇనుము కామ్‌కి (వాల్వులను తెరిచే షాఫ్ట్, ఈ గేర్‌ని తిప్పేదీ అదే) పోత ఇనుము గేర్, ఉక్కు రోలర్ కామ్‌కి దాన్ని తయారుచేసినవాళ్లు చెప్పిన గేర్, చాలాసార్లు అది కంచుదే. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్కటే వదిలేస్తారు. ఆయిల్ పంప్‌ని తిప్పేదీ ఈ గేరే, కాబట్టి హై వాల్యూమ్ పంప్ పెట్టి, చిక్కటి నూనె పోసి, ఇంజిన్ వేడెక్కకముందే రేస్ చేస్తే ఆ బరువంతా ఈ పళ్ల మీదే పడుతుంది. మామూలు పంప్ సరిపోయే ఇంజిన్‌కి మామూలుదే వేయండి.

ఇవన్నీ సరిగ్గానే ఉన్నా గేర్ తినేస్తోందంటే దానికి నూనె అందట్లేదేమో చూడాలి. లిఫ్టర్లకు (కామ్ కదలికను వాల్వుల వైపు అందించే ముక్కలు) వెళ్లే నూనె డిస్ట్రిబ్యూటర్ బాడీ మీది రెండు పట్టీల మధ్య నుంచి పోతుంది, కింది పట్టీ దగ్గరున్న సందులోంచి కాస్త జారి గేర్ మీద పడుతుంది. కొత్తగా కొన్న డిస్ట్రిబ్యూటర్ బిగుతుగా కూర్చున్నా, ఆ పట్టీకి ఓ-రింగ్ (రబ్బరు వలయం) ఉన్నా, ఆ జారడం ఆగిపోతుంది. ప్రెషర్ గేజ్ మాత్రం బ్రహ్మాండంగా చూపిస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు, గేర్ల మీద గేర్లు మారుస్తూనే ఉంటారు.

టైమింగ్ సెట్ చేశాక బాడీ ఏ వైపు తిరిగి ఉందో గుర్తు పెట్టుకుని బయటకు తీయండి. కింది పట్టీలో కామ్ గేర్‌కి ఎదురుగా వచ్చే చోట సన్న ఆకురాయితో పైనుంచి కిందికి ఒకే గాడి, సుమారు 0.75 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతు. అంతకంటే లోతుగా పోతే ప్రెషర్ కారిపోతుంది. కింది ఓ-రింగ్ ఉంటే తీసేయాలి, లేకపోతే గాడి వృథా. రజను ఒక్క పిసరు కూడా మిగలకుండా కడగండి.

షాఫ్ట్ వంగడం లాంటివి అరుదు, వాటి జోలికి ముందే వెళ్లొద్దు. కానీ బిగించేటప్పుడు డిస్ట్రిబ్యూటర్ తన బరువుకే పూర్తిగా కూర్చోవాలి. కూర్చోకపోతే ముందు కింద పంప్ షాఫ్ట్‌తో సరిగ్గా కలిసిందో లేదో చూడండి, కలిసినా ఆ షాఫ్ట్‌కి తగులుతుంటే బోల్టుతో నొక్కేయకుండా గాస్కెట్ మందం పెంచండి. పళ్లకు మోలీ పేస్ట్ (అరుగుదల తగ్గించే గ్రీజు లాంటిది) రాసి బిగించి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ తీసి చూడండి. రాపిడి మెరుపు పళ్ల మధ్యలో ఉంటే సరే, ఒక అంచుకే ఉంటే షిమ్‌తో (పలచటి వాషర్) గేర్ ఎత్తు సరిచేయాలి.