కెర్నెల్ క్రాష్ డంప్‌లో ఎలైన్‌మెంట్ లోపాన్ని పట్టుకుని సరిచేయడం ఎలా?

లినక్స్ నడుస్తున్న ఆర్మ్64 బోర్డు ఉన్నట్టుండి ఆగిపోయి, కేడంప్ అనే వ్యవస్థ భద్రపరచిన వీఎమ్‌కోర్ ఫైలు (ఆ క్షణపు మెమరీ నకలు) ఒక్కటే చేతికి మిగిలినప్పుడు, చాలామంది ముందుగా చెల్లని పాయింటర్ కోసం వెతుకుతారు. లాగ్‌లోని మొదటి వాక్యం కూడా అలాగే కనిపిస్తుంది కనుక రోజులు వృథా అవుతాయి. అసలు కారణం ఎలైన్‌మెంట్ లోపం కావచ్చు, అంటే డేటా తన పరిమాణంతో భాగించబడే చిరునామాలో లేకపోవడం.

ముందుగా వీఎమ్‌కోర్‌ను క్రాష్ అనే సాధనంలో తెరవండి. దానితోపాటు ఇచ్చే వీఎమ్‌లినక్స్ (కెర్నెల్ బైనరీ) ఫైలు డీబగ్ సమాచారంతో, ఆగిపోయిన కెర్నెల్ బిల్డ్‌కే చెందినదై ఉండాలి. తర్వాత లాగ్ కమాండ్ ఇచ్చి ఈఎస్ఆర్ (ఫాల్ట్ కారణాన్ని తెలిపే రిజిస్టర్) విలువను చూడండి. అది 96000021తో ముగిస్తే, చివరి 21 అనేది ఎలైన్‌మెంట్ ఫాల్ట్‌కు గుర్తు. పాయింటర్ చెల్లుతుంది, అది నిలిచిన చోటే సరికాదు.

ఇప్పుడు బీటీ కమాండ్‌తో పీసీ (ఆగిన ఇన్‌స్ట్రక్షన్ చిరునామా) విలువను తీసుకుని, డిస్ కమాండ్‌తో ఆ చోటి ఇన్‌స్ట్రక్షన్‌ను చూడండి. ఇక్కడ తొందరపడకూడదు. మామూలు మెమరీపై సాధారణ లోడ్, స్టోర్‌లను ఆర్మ్64 కెర్నెల్‌లో ప్రాసెసర్ ఎలైన్‌మెంట్ లేకున్నా సహిస్తుంది. కాబట్టి అనుమానించవలసినవి ముఖ్యంగా రెండు: ఎల్‌డీఎక్స్ఆర్ వంటి అటామిక్ (మధ్యలో మరెవరూ చొరబడకుండా జరిగే) ఇన్‌స్ట్రక్షన్, లేదా ఐఓరీమ్యాప్ ఫంక్షన్‌తో తెచ్చుకున్న డివైస్ మెమరీ (హార్డ్‌వేర్ పరికరానికి చెందిన చిరునామాలు).

రాస్‌ప్‌బెర్రీ పై 4లోని కార్టెక్స్-ఏ72 మీద ఒక డ్రైవర్‌ను ఊహించండి. ప్యాక్‌డ్ (ఫీల్డుల మధ్య ఖాళీ వద్దు) అని రాసిన స్ట్రక్చర్‌లో 1 బైట్ రకం, 2 బైట్ల పొడవు, ఆ వెంటనే 8 బైట్ల అటామిక్ కౌంటర్ ఉన్నాయి. హెక్సాడెసిమల్‌లో స్ట్రక్చర్ చిరునామా 0తో ముగిస్తే కౌంటర్ చిరునామా 3తో ముగుస్తుంది. 8 బైట్ల అటామిక్‌కు చివరి అంకె 0 లేదా 8 కావాలి. ఫాల్ట్ చిరునామా చివరి అంకె ఒక్కటి చదివితే చాలు, కథంతా తెలుస్తుంది.

స్ట్రక్చర్ కెర్నెల్ లోపలి అవసరానికే అయితే ప్యాక్‌డ్‌ను తీసేయండి. కంపైలరే కౌంటర్‌ను 8వ బైట్‌కు జరుపుతుంది. అదే నెట్‌వర్క్ లేదా డిస్క్ నిర్ణయించిన అమరిక అయితే దాన్ని ముట్టుకోకుండా, కౌంటర్‌ను వేరే స్ట్రక్చర్‌లోకి మార్చండి. అలాంటి బఫర్‌లోని ఫీల్డులను పాయింటర్ కాస్ట్‌తో కాక గెట్_అన్‌ఎలైన్డ్_ఎల్ఈ32 వంటి ఫంక్షన్‌లతో చదవడమే నా దృష్టిలో సరైన పద్ధతి. డివైస్ మెమరీ అయితే మెమ్‌కాపీకి బదులు మెమ్‌కాపీ_ఫ్రమ్‌ఐఓ, మెమ్‌కాపీ_టుఐఓ, మెమ్‌సెట్‌కు బదులు మెమ్‌సెట్_ఐఓ వాడాలి.

బిల్డ్ అయ్యాక స్ట్రక్చర్ అమరికను చూపే పాహోల్ సాధనంతో ఆఫ్‌సెట్‌లను సరిచూసి, డ్రైవర్‌ను అదే బోర్డుపై అదే పనిభారంతో నడపండి. ఎక్స్86 యంత్రంపై చేసిన పరీక్ష ఇక్కడ సాక్ష్యం కాదు, ఎందుకంటే ఈ అటామిక్‌ను అది మామూలుగా ఫాల్ట్ లేకుండానే పూర్తిచేస్తుంది.