ఎడ్యుకేషన్ ఈక్విటీ మీద పిహెచ్‌డి చేస్తున్నారా, టాపిక్ ఎలా బిగించుకోవాలంటే

పిహెచ్‌డిలో చేరిన కొత్తలో మనందరం రాసే ప్రపోజల్ ఒకటేనండీ, పేద పిల్లలు చదువులో వెనకబడుతున్నారు, ఇది అన్యాయం, దీని మీద నేను రీసెర్చ్ చేస్తాను అని. నాదీ అంతే. మా గైడ్ మొత్తం చదివి "వెనకబడుతున్నారని అందరికీ తెలుసు కదమ్మా, నువ్వు కొత్తగా ఏం కనుక్కుంటావు" అని ఒక్క ముక్క అడిగి ఊరుకున్నారు. ఆ ముక్కకి జవాబు వెతుక్కోడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. మీకన్నా ఆ ఏడాది మిగులుతుందేమో అని ఇది రాస్తున్నా.

మార్కుల్లో తేడా ఉందని చూపించే పని ఎప్పుడో అయిపోయింది. 1966లోనే అమెరికాలో సోషియాలజిస్ట్ జేమ్స్ కోల్‌మన్ టీమ్ దాదాపు నాలుగు వేల స్కూళ్ళలో సుమారు ఆరు లక్షల మంది పిల్లల్ని సర్వే చేసి, స్కూళ్ళ వసతుల్లో ఉన్న తేడాల కంటే పిల్లల ఇంటి పరిస్థితే మార్కుల్ని ఎక్కువ నిర్ణయిస్తోందని చెప్పింది. దాని మీద వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది, 2010లో అదే పాత డేటాని మల్టీలెవెల్ మోడల్‌తో (పిల్లాడి వల్ల వచ్చే తేడానీ, స్కూలు వల్ల వచ్చే తేడానీ విడివిడిగా చూసే లెక్క) మళ్ళీ లెక్కేస్తే, పిల్లాడు ఏ స్కూల్లో పడ్డాడు, పక్కన ఎలాంటి పిల్లలున్నారు అన్నది కూడా చాలా పెద్ద విషయమేనని తేలింది. డేటా అదే, లెక్క మారింది, కథ మారింది. కాబట్టి లిటరేచర్ రివ్యూ చదివేటప్పుడు ఫలితం ఒక్కటే నోట్ చేసుకోకండి, అది ఏ లెక్కతో వచ్చిందో కూడా పక్కన రాసుకోండి.

సరే, మరి కొత్తగా ఏం కనుక్కోవాలి? నా మాట ఒకటే, గ్యాప్ (మార్కుల్లో ఉన్న తేడా) వదిలేసి గేటు వెతకండి. గేటు అంటే ఒక పిల్లాడి గురించి ఎవరో ఒకరు ఏదో ఒక నిర్ణయం తీసుకునే చోటు. ఏ సెక్షన్‌లో వెయ్యాలి, లెక్కల్లో పై కోర్సు ఇవ్వాలా వద్దా, అల్లరి చేస్తే మందలించి వదిలెయ్యాలా సస్పెండ్ చెయ్యాలా, స్కాలర్‌షిప్ ఫారం ఎవరి చేతికి వెళ్తుంది, ఇవన్నీ గేట్లే. ఒక తెల్ల కాగితం తీసుకుని, మీరు స్టడీ చెయ్యాలనుకున్న పిల్లాడు బడిలో చేరిన రోజు నుంచి బయటికొచ్చే దాకా ఉన్న గేట్లన్నీ వరసగా గీయండి. ప్రతి గేటు దగ్గరా మూడు సంగతులు రాయండి, నిర్ణయం ఎవరిది, దేన్ని చూసి తీసుకుంటారు, ఎక్కడైనా రికార్డ్ ఉంటుందా. తర్వాత ఒక్క గేటు పెట్టుకుని మిగతావి కొట్టెయ్యండి. బాధగానే ఉంటుంది, కానీ మూడు నాలుగేళ్ళలో ఒక్క మనిషి మొత్తం వ్యవస్థని తేల్చేస్తాననడం నేల విడిచి సాము చెయ్యడమే.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ డేవిడ్ కార్డ్, లారా జూలియానో అనే ఎకనామిస్టులు 2016లో వేసిన పేపర్. ఫ్లోరిడాలో ఒక పెద్ద స్కూల్ డిస్ట్రిక్ట్‌లో తెలివైన పిల్లల కోసం స్పెషల్ ప్రోగ్రామ్ ఉంది, అందులోకి రావాలంటే టీచరో తల్లిదండ్రులో ముందు పేరు చెప్పాలి. తర్వాత ఆ పద్ధతి మార్చి రెండో క్లాసు పిల్లలందరికీ స్క్రీనింగ్ టెస్ట్ పెట్టారు, అంతే, నల్లజాతి పిల్లలు, హిస్పానిక్ పిల్లలు, పేదింటి పిల్లలు ఆ ప్రోగ్రామ్‌కి ఎంపికవడం బాగా పెరిగింది. ఆ పిల్లలు అంతకు ముందూ ఉన్నారు, వాళ్ళ పేరు చెప్పేవాళ్ళే లేరు. ఒక్క గేటు, ఒక్క మార్పు, అది ఎవరికి తెరుచుకుందో తెలిసింది.

ఈక్విటీ అన్న మాటకి అర్థం మొదటి చాప్టర్‌లోనే ఒక్క వాక్యంలో తేల్చెయ్యండి, దేంట్లో సమానం అంటున్నారు, చేరడంలోనా, క్లాసులో చూసే తీరులోనా, చివర్లో వచ్చే ఫలితంలోనా. వైవాలో చాలామంది దొరికిపోయేది ఇక్కడే.

ఇక డేటా. ముందు అందులో లేనివాళ్ళని లెక్కపెట్టండి. చాలా దేశాల పిల్లల్ని పోల్చే పీసా పరీక్ష 15 ఏళ్ళ పిల్లల గురించి అంటాం గానీ, అది రాసేది బడిలో ఉండి కనీసం ఏడో తరగతికి చేరినవాళ్ళే, బడి మానేసిన పిల్లాడు ఆ లెక్కలోకే రాడు. మన సర్వేల్లో కూడా పరీక్ష రోజు రానివాళ్ళు ఎవరో చూస్తే సగం కథ అక్కడే కనపడుతుంది. పేదరికాన్ని అవును కాదు అనే ఒక్క గడితో కొలిస్తే ఇంకో తిప్పలు, ఒక ఏడాది మాత్రమే ఇబ్బంది పడ్డ ఇల్లూ, మొదటి నుంచీ లేమిలోనే ఉన్న ఇల్లూ ఒకే గడిలో పడతాయి. కాబట్టి వీలైతే ఒక్క ఏడాది కాకుండా కొన్నేళ్ళ రికార్డ్ అడగండి.

కంట్రోల్ వేరియబుల్స్ (పోల్చేటప్పుడు అందరికీ ఒకేలా ఉన్నట్టు లెక్కలో సరిచేసే అంశాలు) దగ్గర కాస్త ఆగాలి, అందరం జారేది ఇక్కడే. 1973లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీ గ్రాడ్యుయేట్ అడ్మిషన్లలో మొత్తం మీద చూస్తే మగవాళ్ళకి సుమారు 44 శాతం, ఆడవాళ్ళకి సుమారు 35 శాతం సీట్లొచ్చాయి. డిపార్ట్‌మెంట్ల వారీగా విడదీసేసరికి ఆ తేడా దాదాపు మాయమైంది, ఎందుకంటే సీటు దొరకడం కష్టమైన డిపార్ట్‌మెంట్లకే ఆడవాళ్ళు ఎక్కువ అప్లై చేశారు. చాలామంది ఇక్కడితో ఆపి "చూశారా, వివక్ష లేదు" అంటారు. మరి ఎవరు ఏ డిపార్ట్‌మెంట్‌కి అప్లై చెయ్యాలన్నది ఎక్కడ తేలింది? అదీ గేటే కదా, ఇంకా ముందున్న గేటు! మీరు సెక్షన్‌ని కంట్రోల్ చేసి "ఇప్పుడు తేడా లేదు" అన్నారనుకోండి, ఆ పిల్లాడిని ఆ సెక్షన్‌లోకి తోసిన నిర్ణయాన్ని మీ చేత్తోనే చెరిపేసినట్టు. అందుకే రెగ్రెషన్ (ఏ అంశం ఫలితాన్ని ఎంత మారుస్తోందో చూసే లెక్క) రన్ చేసే ముందు ప్రతి కంట్రోల్ పక్కనా ఇది గేటుకి ముందుదా తర్వాతదా అని రాసుకోండి. తర్వాతదైతే అలా తెచ్చి మోడల్‌లో పడెయ్యకండి.

ఇంటర్వ్యూలతో చేసేవాళ్ళు శాంపిల్ చిన్నదని కుంగిపోనక్కర్లేదు, కానీ పిండి కొద్దీ రొట్టె. 1995లో వచ్చిన ఒక స్టడీ నుంచి పుట్టిన "మూడు కోట్ల మాటల తేడా" అన్న మాట, అంటే పేదింటి పిల్లలు చిన్నతనంలోనే కలవాళ్ళ పిల్లల కంటే అన్ని మాటలు తక్కువ వింటారని, ప్రపంచమంతా తిరిగింది, దాని వెనక ఉన్నది 42 కుటుంబాలు, అందులో ప్రభుత్వ సాయం మీద బతికేవి ఆరే ఆరు. ఆ ఆరిళ్ళ మీంచి పేద తల్లులు పిల్లలతో సరిగ్గా మాట్లాడరు అనే దాకా వెళ్ళిపోయింది జనం. మీ థీసిస్‌లో పిల్లల్లో, తల్లిదండ్రుల్లో ఏం తక్కువైందో చెప్పే వాక్యాలు ఎన్ని, స్కూలు ఏం చేసిందో చెప్పే వాక్యాలు ఎన్ని, ఒకసారి లెక్కపెట్టి చూడండి. నా మొదటి డ్రాఫ్ట్‌లో రెండో రకం రెండు పేజీలు కూడా లేవు, సిగ్గేసింది.

ఫీల్డ్‌వర్క్ గురించి రెండే ముక్కలు. హెడ్‌మాస్టర్ ఒప్పుకుంటే పిల్లలు ఒప్పుకున్నట్టు కాదు, తల్లిదండ్రుల కన్సెంట్ వేరు, ఆ పిల్లాడిని అడిగి సరే అనిపించుకోవడం వేరు. పేరు మార్చినంత మాత్రాన గుట్టు దాగదు కూడా, క్లాసులో ఒక వర్గం అమ్మాయి ఒక్కతే ఉంటే స్కూల్లో చదివిన ఎవరైనా ఇట్టే పట్టేస్తారు, అలాంటి చోట వివరాలు తగ్గించండి లేదా నలుగురివి కలిపి రాయండి. పని అయ్యాక ఏరు దాటి తెప్ప తగలేసినట్టు మాయమవ్వకుండా, ఏం తేలిందో ఆ స్కూలు వాళ్ళకి రెండు పేజీల్లో వాళ్ళకి అర్థమయ్యే భాషలో ఇచ్చి రండి.

రికార్డులకి పర్మిషన్ రావడానికి నెలలు పడుతుంది కాబట్టి ప్రపోజల్ పాసయ్యే దాకా ఆగకుండా ముందే తిరగడం మొదలుపెట్టండి. అలా తిరిగేటప్పుడే మీ గేటు దగ్గర కాగితం మీద సంతకం పెట్టే మనిషికి మీ ప్రశ్న ఒక్క వాక్యంలో చెప్పి చూడండి. మొహం తేలేశారంటే టాపిక్ ఇంకా బిగించాలి, "ఓ అదా, ఆ రిజిస్టర్ ఆ బీరువాలో ఉంటుంది" అన్నారంటే ఇంటికొచ్చి ప్రపోజల్ రాయడం మొదలుపెట్టెయ్యండి.